మగవాళ్ళు అంగి ఇడిస్తే ఏం గాదు, ఆడవాళ్ళు ఇడిస్తే కేసా? చట్టంల నిజంగ తేడా ఉందా?

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివిన. హన్మకొండల అపార్ట్‌మెంట్, ఎండ మండిపోతున్నది, కరెంటు పోంగనే మీ నాన్న, మీ తమ్ముడు, పక్క ఫ్లాట్ అంకుల్ అందరు వట్టి లుంగీల మీద, బనీను సుత లేకుండ కారిడార్ల కుర్చీలేసుకొని కూసుంటరు. నువ్వు నైటీ మీద చున్నీ ఏసుకోకుండ వాటర్ క్యాన్ తీసుకుందామని బయటికొస్తే అసోసియేషన్ ఆంటీ అందరి ముందట మందలిచ్చింది. దాని మీద నీకు కోపమొచ్చి అసలు ప్రశ్నే అడిగినవ్: మగవాళ్ళు ఛాతి కనవడంగ తిరిగితే లేని కేసు ఆడవాళ్ళు తిరిగితే ఎందుకు, రాజ్యాంగంల సమానం అని రాసుకున్నంక ఇది ఎట్ల చెల్లుతది అని. నేను ఇక్కడ అదాలత్‌ల ఇరవై రెండేండ్ల నుంచి ప్రాక్టీస్ చేస్తున్న, ఎక్కువ క్రిమినల్, ఫ్యామిలీ కేసులే, అందుకని జర పెద్దగనే రాస్త, ఓపికుంటే చదువు.

ముందుగాల సీదా జవాబు. చున్నీ గురించి ఏ చట్టం లేదు. ఛాతి గురించి సుత "ఆడది చూపిస్తే నేరం, మగోడు చూపిస్తే కాదు" అని మన శిక్షాస్మృతిల ఎక్కడా రాసి లేదు. అయినా ఆడమనిషి పైన బట్ట లేకుండ చౌరస్తాల నిలవడితే పోలీసులు కేసు పెడ్తరు, మగోని మీద పెట్టరు. రెండూ నిజమే. రాయని తేడా ఎక్కడికెళ్ళి వచ్చిందన్నదే ఇగ చెప్పేది.

కేసు పెట్టే సెక్షన్ ఇంతకుముందు ఐపీసీ 294, 2024 జులై 1 నుంచి కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్ల 296. బహిరంగ స్థలంల అశ్లీలమైన పని చేసి ఇతరులకు చిరాకు కలిగిస్తే మూడు నెలల దాక జైలు, లేకుంటే వెయ్యి రూపాయల దాక జుర్మానా, లేకుంటే రెండూ. బెయిలబుల్, స్టేషన్‌లనే బెయిల్ వస్తది. ఈ సెక్షన్ల ఆడ, మగ అన్న మాటే లేదు చూడు. "ఎవరైతే" అని ఉన్నది. కాని అశ్లీలం అంటే ఏంది అన్నది సుత లేదు. ఆ ఖాళీని ఎవరు నింపుతరు? ముందు కంప్లైంట్ ఇచ్చిన పక్కింటాయన, తర్వాత డ్యూటీల ఉన్న కానిస్టేబుల్, తర్వాత ఎస్సై. మెజిస్ట్రేట్ దాక వచ్చేసరికి ఆర్నెల్లు, యాడాది. గా పక్కింటాయన కండ్లకు మగోని ఛాతి ఛాతి లెక్కనే కనవడ్తది, ఆడదాని ఛాతి ఇంకో తీరు కనవడ్తది. తేడా పుట్టేది అక్కడ్నే.

నిజం చెప్పాల్నంటే నా ప్రాక్టీస్‌ల ఈ సెక్షన్ కింద వచ్చినయన్నీ బూతులు తిట్టిన కేసులే, పంచాయితీ ఏదైనా సరే ఎఫ్ఐఆర్‌ల ఇదొకటి తోక లెక్క తలిగిస్తరు. ఒక్కసారి మాత్రం మగాయన మీద బట్టల సంగతిలనే వచ్చింది. ముసలాయన, డెబ్బై దాటినయ్, ఇంటి ముందటి బోరు కాడ గోసి పెట్టుకొని స్నానం చేస్తడు, ఎదురింటామె కంప్లైంట్ ఇచ్చింది. లోపల చూస్తే అది ప్రహరీ గోడ పంచాయితీ. జడ్జిగారు కాయితం చదివి నవ్వాపుకోలేక "ఈయన ఎన్నేండ్ల నుంచి చేస్తున్నడమ్మా స్నానం" అని అడిగిన్రు, "మేం రాకముందు నుంచే" అన్నదామె. లోక్ అదాలత్‌ల రాజీ అయింది. అదే బోరు కాడ ముసలామె అట్ల స్నానం చేస్తే కాయితం చూసి నవ్వేటోళ్ళుంటుండెనా? నాకైతే డౌటే.

మగవాళ్ళకు అంతా మాఫీ అనుకోకు మళ్ళ. 2020 నవంబర్ల మోడల్, నటుడు మిలింద్ సోమన్ గోవా బీచ్‌ల ఒంటి మీద నూలుపోగు లేకుండ ఉరికిన ఫొటో పెడితే గోవా పోలీసులు ఇదే 294తో పాటు ఐటీ చట్టం 67 కూడా పెట్టిన్రు. పూర్తిగ ఇడిస్తే ఇద్దరికీ ఒక్కటే. గీత మారేది నడుం పైన.

ఇగ కోర్టులు ఏమన్నయో చూద్దాం. చానా ఏండ్లు మన సుప్రీంకోర్టు ఇంగ్లండ్‌ల 1868ల పుట్టిన హిక్లిన్ పరీక్షనే పట్టుకున్నది, 1964ల రంజిత్ ఉదేశీ అనే పుస్తకాల షాపాయన కేసుల సుత అదే. మనసు చెడిపోయే అవకాశమున్నోళ్ళు చూస్తే చెడిపోతరా అన్నది లెక్క, అంటే అందరికంటె బలహీనమైన కన్నే కొలబద్ద. 1996ల బాండిట్ క్వీన్ సినిమా కేసుల, ఒకామెను బట్టల్లేకుండ ఊరంతా తిప్పే సీన్ గురించి, బట్టల్లేనిదల్లా అశ్లీలం కాదు, గది చూసినోనికి ఆ పని చేసినోళ్ళ మీద అసహ్యం పుడ్తది గని కామం కాదు అన్నరు. 2014ల అవీక్ సర్కార్ కేసుల హిక్లిన్‌ను పక్కకు పెట్టిన్రు. టెన్నిస్ ఆడే బోరిస్ బెకర్, ఆయన పెండ్లి చేసుకోబోయే ఆమె కలిసి దిగిన ఫొటో, ఇద్దరికీ పైన బట్టల్లేవు, కలకత్తా పేపర్ల 1993ల వచ్చింది. ఇప్పటి సమాజం కొలతల తోని చూడాలె, ఫొటోనో పనినో మొత్తం సందర్భంల పెట్టి చూడాలె అని కోర్టు చెప్పింది. ఆ ఫొటో నల్ల, తెల్ల రంగుల మనుషులు ఒక్కటే అని చెప్పేటందుకు దిగింది.

మంచిదే. గని "సమాజం కొలత" అన్న మాట రెండంచుల కత్తి. ఏ సమాజం? మా నానమ్మ, పరకాల దిక్కు, నా పెండ్లి దాక ఒంటి మీద రవిక ఎరగదు. చీర కొంగే అన్నీ. ఎండాకాలం మధ్యాహ్నం అరుగు మీద చాటల బియ్యం ఏరుకుంట కూసుంటె కొంగు ఏడున్నదో ఆమెకే సోయి ఉండేది కాదు, మా తాతతోని మాట్లాడ్డానికొచ్చిన పట్వారీకి సుత సోయి లేకుండె. నా పెండ్లికి మా మేనత్త పట్టువట్టి జాకెట్ కుట్టిచ్చి తొడిగితే "ఊపిరాడ్తలేదే" అని మధ్యాహ్నం భోజనాలకంటె ముందే ఇప్పేసింది. గదీ మన సమాజమే, ఇయ్యాల మీ కారిడార్ల ఆంటీదీ మన సమాజమే, రెంటికీ నడుమ నిండ నలభై ఏండ్లు లేవు. జడ్జి ఏ సమాజాన్ని తీసుకోవాలె?

ఇంకోటి చెప్త, నాకిది మస్తు ఇష్టమైన సంగతి. పాలంపేట రామప్పగుడికి ఎన్నోసార్లు పోయినవ్ కావచ్చు. రేచర్ల రుద్రుడు 1213ల కట్టిచ్చింది, 2021ల యునెస్కోల ఎక్కింది. చూరు కింద నల్లరాతి మదనికలున్నయ్ కదా, నగలున్నయ్ గని ఒక్కదానికి రవిక లేదు, ఒకామె చీరనైతే కోతి గుంజుతనే ఉంటది. అశ్లీల పుస్తకాలు, బొమ్మల సెక్షన్, పాత 292, కొత్త 294, దాంట్ల ఒక మినహాయింపు రాసి పెట్టిన్రు: పురాతన కట్టడాల మీద, గుళ్ళ మీద చెక్కినయ్, గీసినయ్ ఈ సెక్షన్ కిందికి రావు. అంటే బడి పిల్లలను బస్సులేసుకొని తీస్కపోయి చూపిచ్చే ఆ బొమ్మల ఛాతికి పార్లమెంటే రక్షణ రాసిచ్చింది. మీద పావురాలు వాలుకుంట ఎనిమిది వందల ఏండ్ల నుంచి నిలవడ్డయ్, ఎవరికీ చిరాకు కాలేదు.

బతికున్న ఆడమనిషి గురించి దగ్గరగ వచ్చిన తీర్పు కేరళది. రెహానా ఫాతిమా అనే యాక్టివిస్టు 2020ల తన ఒంటి పైభాగం మీద తన పిల్లలు బొమ్మేస్తున్న వీడియో పెట్టింది. పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం), ఐటీ చట్టం, అన్ని పెట్టిన్రు, ముందస్తు బెయిల్ సుప్రీంకోర్టు దాక పోయినా రాలేదు. 2023 జూన్‌ల కేరళ హైకోర్టు జస్టిస్ కౌసర్ ఎడప్పగత్ ఆ కేసు కొట్టేసిండు. ఆడమనిషి ఒంటి పైభాగం కనవడ్డంత మాత్రాన అది కామానికి సంబంధించింది అనుకోవద్దన్నడు, త్రిస్సూర్ల పులికళికి మగవాళ్ళు ఒళ్ళంతా పులి రంగులేసుకొని ఆడ్తరు, దాన్నెవరూ తప్పు అనరు కదా అన్నడు. మనకు చెప్పుకోవాల్నంటే బోనాలల పోతరాజు. ఒళ్ళంతా పసుపు, నడుముకు ఎర్ర గుడ్డ, చేతిల కొరడా, పొట్ట ముందటేసుకొని ఊగుతడు, ఎవరూ తప్పు అనరు.

గని ఈ తీర్పు పట్టుకొని రేపు పొద్దుగాల రోడ్డెక్కితే నిన్నెవరూ కాపాడరు చెల్లె. అది ఇంట్ల తీసిన వీడియో, నాలుగు బాటల కాడ జరిగింది కాదు. తేలింది పోక్సో పడ్తదా పడదా అన్నది, పాత 294 సంగతి కాదు. పైంగ కేరళ హైకోర్టు మాట మన దగ్గర చెప్పుకోవచ్చు, మన మెజిస్ట్రేట్ పట్టించుకుని తీరాలె అని లేదు.

మరి రాజ్యాంగంల సమానత్వం రాసిన ఆర్టికల్ 14, 15 ఏంజేస్తున్నయ్? నీ అసలు ప్రశ్న ఇదే కదా. ఒక చట్టం ఆడ మగ తేడా చేసిందని కొట్టేయిపియ్యాల్నంటే, ఆ చట్టంల తేడా కనవడాలె. అమెరికాల కొన్ని ఊర్ల మున్సిపల్ రూళ్ళల్ల నేరుగ "ఆడవాళ్ళ రొమ్ము" అని రాసుకున్నరు. అందుకే కొలరాడోల ఫోర్ట్ కాలిన్స్ అనే ఊరి రూల్‌ను ఆపుడు కరెక్టేనని 2019 ఫిబ్రవరిల అక్కడి ఫెడరల్ అప్పీల్ కోర్టు (పదో సర్క్యూట్) అన్నది, ఇది ఆడవాళ్ళ గురించి పాత ఊహల మీద నిలవడ్డదని. మజా ఏందంటే అదే నెల న్యూ హాంప్‌షైర్ సుప్రీంకోర్టు లకోనియా అనే ఊరి ఇట్లాంటి రూల్‌నే ముగ్గురు ఇద్దరి మెజారిటీ తోని నిలవెట్టింది, దిగంబరం అంటే ఏందన్న సంగతిల ఆడ మగ ఒక్కటి కాదన్నరు, అమెరికా సుప్రీంకోర్టు ఆ కేసే ఇనలేదు. ఒక్క దేశం, ఒక్క రాజ్యాంగం, ఒక్కటే నెల.

మన 296 పైకి అందరికీ ఒక్కటే కాబట్టి, పోయి సవాల్ చేస్తే ప్రభుత్వ లాయర్ లేచి "మై లార్డ్, ఇండ్ల ఆడ అన్న మాట ఏడున్నది" అంటడు, మళ్ళ కూసుంటడు. ఇంకా పైకి 15(3) ఉన్నది, ఆడవాళ్ళ కోసం ప్రత్యేక చట్టాలు చేసుకోవచ్చని. దానికి జవాబు లేక కాదు. 2007ల అనూజ్ గార్గ్ కేసుల, బార్లల ఆడవాళ్ళు పనిచెయ్యొద్దన్న 1914 నాటి పంజాబ్ ఎక్సైజ్ రూల్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది, రక్షణ పేరు చెప్పి ఆడవాళ్ళను ఇంట్ల కూసోబెట్టొద్దు అన్నది. నేనైతే ఈ పంచాయితీ కోర్టుకు పోయిన రోజు దాని మీదనే ఆర్గ్యూ చేస్త.

గని నా లెక్క వేరే ఉన్నది. బయటి దేశాలల ఆడవాళ్ళు గెలిచిన పెద్ద కేసులు రెండు తీసి చూడు. 1991 జులైల కెనడాల గ్వెల్ఫ్ అనే ఊర్ల గ్వెన్ జేకబ్ అని పందొమ్మిదేండ్ల స్టూడెంట్, ఎండ 33 డిగ్రీలు (మనకు అది చలికాలం), మగపిల్లలు అంగీల్లేకుండ ఆడుకుంటుంటే తనూ టీషర్ట్ ఇడిచి ఇంటి దిక్కు నడిచింది, 75 డాలర్ల జుర్మానా పడ్డది. 1996ల ఒంటారియో అప్పీల్ కోర్టు కొట్టేసింది. 1992ల న్యూయార్క్ పై కోర్టు సుత రోచెస్టర్ పార్కుల ఛాతి మీద బట్టల్లేకుండ కూసున్న ఆడవాళ్ళ మీది కేసు కొట్టేసింది. రెండిట్ల గెలిచింది సమానత్వం వాదన కాదు, ఆ పనిల కామం లేదు, ఎవరికీ హాని లేదు, అందుకని అశ్లీలం కాదు అన్న వాదన. కేరళ తీర్పూ ఎక్కువ ఆ బాటలనే నడిచింది. అందుకే మా జూనియర్లకు చెప్త, ఆర్టికల్ 14 ఒక్కదాన్నే పట్టుకొని ఊగకుండ్రి, "అశ్లీలం", "చిరాకు" అన్న రెండు మాటల కాడ నిలవడుండ్రి, కేసులు ఆడనే తెగుతయ్ అని.

దానికి నా సొంత కేసు ఒకటి. ఐపీసీ ఉన్ననాటిది, ఊరు పేరు చెప్పను. గెట్టు పంచాయితీ. భర్త చచ్చిపోయిన ఆడమనిషి ఒకామె. ఆమె బావ, ఇద్దరు మరుదులు పొలం కాడ కొట్లాటకొచ్చి, ఆమెను పట్టుకొని గుంజితే జాకెట్ ముందట మొత్తం చినిగింది. ఆమె ఏడ్వలే. కొంగు సుత సర్దుకోకుండ అట్లనే నడుసుకుంట ఊర్లెకొచ్చి గ్రామపంచాయతీ ఆఫీసు ముందట నిలవడి "సూడుండ్రి, సూడుండ్రి" అని ఒర్లింది. పోలీసులు రెండు కేసులు కట్టిన్రు. బావ, మరుదుల మీద మామూలు కొట్లాట సెక్షన్. ఆమె మీద 294. ఎఫ్ఐఆర్ నా దగ్గర ఇప్పటికీ ఉన్నది: "సదరు మహిళ అర్ధనగ్నంగా బహిరంగ ప్రదేశంలో నిలబడి ప్రజలకు చిరాకు కలిగించినది." ఆ సదరు మహిళ నా ఆఫీసుకొచ్చినప్పుడు సంచిలకెళ్ళి పేపర్ల చుట్టిన పొట్లం తీసింది. చినిగిన జాకెట్. ఆకుపచ్చది, నాలుగు హుక్కులల్ల మూడు ఊడినయ్, ఒకటి బట్టతోని సహా లేచొచ్చింది. దాన్ని సీజ్ చెయ్యాలన్న సోయి ఎవ్వరికీ రాలే.

ఆడమనిషి బట్టలు ఇప్పాలని దౌర్జన్యం చేస్తే 354బి, ఇప్పుడు బీఎన్ఎస్ 76, తక్కువల తక్కువ మూడేండ్లు, ఎక్కువల ఎక్కువ ఏడు. పిటిషన్ ఏసి, మెజిస్ట్రేట్ కాడ పట్టువట్టి ఆ సెక్షన్ చేర్పిచ్చేసరికి ఎనిమిది నెలలు. క్రాస్‌ల అవతలి లాయర్ ఆమెను హుక్కులు ముందటుంటయా ఎనకుంటయా, ఏ హుక్కు ముందు ఊడింది అని అడుగుడు, ఆమె "నీ బిడ్డకు అయితే లెక్కవెడుతవా సారూ" అనుడు. ఆ మాట కోర్టు రాసుకున్న వాంగ్మూలంల రాలేదు గని కోర్టు హాలంతా ఇన్నది. ఇగ ఆమె మీది 294 కేసుల పోలీసోళ్ళ సాక్షి, పంచాయతీ ఆఫీసు ఎదురుంగ చాయ్ హోటలాయన. "నీకు చిరాకు అయిందా" అని నేను అడిగితే "లేదమ్మా, నేను తువ్వాల పట్టుకపోయి ఇచ్చిన" అన్నడు. చిరాకు పడ్డోడే లేడు కాబట్టి కేసు కొట్టేసిన్రు. బావకు శిక్ష పడ్డది, మరుదుల మీద రుజువు కాలేదు, ఇప్పుడు అప్పీల్ నడుస్తున్నది.

ఒకే ఛాతి, ఒకే రోజు. ఇంకోడు ఇప్పితే ఆమె బాధితురాలు, తను కప్పుకోకపోతే ఆమె నిందితురాలు. ఎఫ్ఐఆర్ రాసినోనికి ఆ రెండోదే ముందు కనవడ్డది. నిరసన అని పెద్ద జాగల చేసినోళ్ళకు సుత ఇదే అనుభవం. 2004 జులైల మణిపూర్ కాంగ్లా కోట ముందట బట్టలిడిచి నిరసన చేసిన పన్నెండుగురు తల్లులు, 2018 ఏప్రిల్ల మన హైదరాబాద్ ఫిల్మ్‌నగర్ల శ్రీరెడ్డి. ఆమె పైబట్టలు ఇడిచి కూసున్నది సినిమాల అవకాశాల పేరుతోని జరిగే దోపిడీ గురించి, మంది మాట్లాడింది మాత్రం ఆమె ఒంటి గురించి.

చట్టం "రొమ్ము" అన్న మాట వాడే జాగలు సుత ఉన్నయ్, అన్నీ ఆడవాళ్ళను కాపాడేటందుకే. బీఎన్ఎస్ 77 చాటుగ చూసుడు, ఫొటో తీసుడు, మొదటిసారికి ఏడాది నుంచి మూడేండ్లు. ఐటీ చట్టం 66ఈ ప్రైవేటు భాగాల లిస్టుల ఆడవాళ్ళ రొమ్ము అని పేరువెట్టి రాసింది, మగోని ఛాతి లేదు. మీ తమ్ముడు అంగి లేకుండ ఉన్న ఫొటో ఎవడన్నా తీస్తే 66ఈ కింద ఏం కాదు, నీది తీస్తే అయితది. పుష్కరాల టైంల కాళేశ్వరం ఘాట్ల కాడ బట్టలు మార్చుకునే జాగల ఫోన్ పెట్టినోని మీద నేను పెట్టిపిచ్చిన కేసు నిలవడ్డది ఈ తేడా ఉండవట్టే. రేపు పొద్దున ఆడ మగ ఛాతి చట్టంల ఒక్కటే అంటే ఇవి ఏమైతయ్? దీని మీద నాకే ఇంకా రెండు మనసులున్నయ్. బెర్లిన్‌ల 2023 మార్చిల ఊరి స్విమ్మింగ్ పూల్స్‌ల అందరూ పైన బట్ట లేకుండ ఈదొచ్చు అన్నరు, వాళ్ళు రెండూ నడిపిస్తున్నరు, అక్కడ ఫోన్ తీసినోని సంగతి వేరే చట్టం చూసుకుంటది. మన దగ్గర అట్ల నడుస్తదా అంటే, ముందు బస్సుల పిల్లకు పాలిచ్చే తల్లి దిక్కు గుడ్లప్పగిచ్చి చూసుడు ఆగాలె. (పాలిచ్చుడు నేరం కాదు, ఎక్కడైనా సరే. ఎవడన్నా లెమ్మంటే లేవకు.)

కప్పుకోవాలని కొట్లాడిన చరిత్ర సుత మరువకు. తిరువాన్కూర్ల నాడార్ ఆడవాళ్ళు రొమ్ము కప్పుకుంటే నేరం, పెద్ద కులాలోళ్ళ ముందట ఛాతి చూపుడే మర్యాద. ఏండ్లకేండ్లు కొట్లాటలయి 1859ల రాజు ఒప్పుకున్నడు, అదీ పై కులాల ఆడవాళ్ళు కప్పుకున్నట్టు మాత్రం కప్పుకోవద్దన్న షరతు పెట్టి. ఇప్పమన్నోడే మళ్ళ కప్పుకోమన్నడు, కాలం మారింది గంతే.

ఇగ నీ కారిడార్ సంగతి. నీ ఫ్లాట్ లోపల నీ ఇష్టం, అది బహిరంగ స్థలం కాదు. నైటీ మీద చున్నీ లేకపోతే ఏ సెక్షనూ లేదు, ఏ ఎస్సై కేసు కట్టలేడు. అసోసియేషన్ కామన్ ఏరియాకు రూల్ పెట్టుకోవచ్చు, గని అంగి లేకుండ కూసోవద్దని మీ నాన్నకు, అంకుల్‌కు సుత పెట్టాలె. ఆడపిల్లలకొక్కటే పెడితే ఆర్టికల్ 15 వాళ్ళ మీద నేరుగ ఎక్కదు, వాళ్ళు ప్రభుత్వం కాదు కాబట్టి. సొసైటీ రిజిస్ట్రేషన్, బైలాస్ దిక్కునుంచి పోవాలె, అట్ల పోతే పని అయితది. ఎవడన్నా నిన్ను ఫొటో తీసి గ్రూపుల పెట్టిండంటే మాత్రం ఆగకు, స్క్రీన్‌షాట్ తీసుకొని షీ టీమ్‌కు పంపు.

ఆ ఆంటీ నోటితోనే అన్నదా, లేకపోతే వాట్సాప్ గ్రూపుల రూల్ లెక్క పెట్టిన్రా? గ్రూపుల పెడితే మాటకు మాట ఇక్కడ పెట్టు, నోటీసుకు ఏం జవాబు రాయాల్నో చెప్త.